హైదరాబాదు నుండి చికాగోకు – దూరమెంత, కాలమెంత?

చికాగో పేరు వినని వీధి నేడు హైదరాబాదు నగరములో లేదనవచ్చును. ఒక ఇంటి కుమారుడు అక్కడ చదువుచున్నాడు. ఇంకొక ఇంటి అల్లుడు అక్కడ ఉద్యోగము చేయుచున్నాడు. మూడవ ఇంటి ముసలమ్మ కుమార్తె పురిటికి వెళ్లి ఆరు నెలలుండి తిరిగి వచ్చినది. అక్కడి డెవాన్ వీధిలో మన బిర్యానీ దొరకునను సంగతి పాతబస్తీ పిల్లలకు సయితము తెలియును. కాని "ఆ ఊరు మనకెంత దూరము?" అని అడిగి చూడుడు. చాలమంది దూరము చెప్పరు, కాలము చెప్పుదురు. "ఇరువది గంటలు" అని ఒకరు, "కాదు, ఇరువది నాలుగు" అని వేరొకరు అందురు. పట్టుబట్టి మైళ్లలో చెప్పుమన్నచో, గోడమీది ప్రపంచ పటముపై స్కేలు పెట్టి కొలిచినవాడు పదివేల మైళ్లనును. విమాన సంస్థల లెక్క చూచినవాడు ఎనిమిదివేల రెండువందల యేబది మైళ్లనును. వీరిరువురిలో అబద్ధమాడువాడు ఒక్కడును లేడు. అయినను ఇద్దరి నడుమ 1,750 మైళ్ల భేదము వచ్చినది. అది హైదరాబాదు నుండి ఢిల్లీకి పోయి, మరల తిరిగి వచ్చి, ఇంకను కొంత మిగులునంతటి భేదము.

ఈ భేదము ఎక్కడ పుట్టినదో, గంటల లెక్క ఎందుకు మనిషి మనిషికి మారుచున్నదో మన విద్యార్థులకు వివరింపవలెనని ఈ వ్యాసమును తలపెట్టితిమి. గణితమునకు భయపడు విద్యార్థులు సయితము చివరివరకు చదువుదురుగాక. ఇందులో అక్కరకు వచ్చునది కూడికలు, తీసివేతలు, ఒక్కచోట మాత్రము త్రికోణమితి.

మొదట పటము సంగతి. మన తరగతి గదులలో వ్రేలాడు ప్రపంచ పటములలో చాల భాగము మెర్కేటరు అను పటకర్త 1569లో రూపొందించిన పద్ధతి ననుసరించినవి. ఆయన దానిని నావికులకొరకు చేసినాడు. దిక్సూచి చూపు దిక్కును మార్చక ఓడను నడుపు నావికుని మార్గము ఆ పటముమీద సరళరేఖగా కనబడును. అది నావికునకు మహోపకారము. ఆ సదుపాయమునకై చెల్లించిన మూల్యము మాత్రము చిన్నది కాదు. భూమధ్యరేఖనుండి ఉత్తరమునకు గాని దక్షిణమునకు గాని పోయినకొలది దేశములు సాగి, ఉబ్బి, తమ ప్రమాణమును మించి కనబడును. ఆ పటములో గ్రీన్‌లాండ్ ఇంచుమించు ఆఫ్రికా యంత యుండును. వాస్తవముగా ఆఫ్రికా దానికి పదునాలుగు రెట్లు పెద్దది. ఇట్టి పటముమీద హైదరాబాదు నుండి చికాగోకు స్కేలుతో గీత గీచినచో, అది ఒమాను, అరేబియా, ఈజిప్టు, లిబియా, అల్జీరియా, మొరాకోలమీదుగా పోయి, అట్లాంటిక్ మహాసముద్రమును దాటి, న్యూయార్కు సమీపమున అమెరికాలో ప్రవేశించి, చికాగో చేరును. ఆ గీత వెంబడి నిజముగా ప్రయాణించినచో సుమారు 16,100 కిలోమీటర్లు పోవలెను. పదివేల మైళ్లన్నవాని సమాధానము ఇచ్చటినుండి వచ్చినది.

ఇక భూగోళ శాస్త్ర ప్రయోగశాలలోని గోళమును తెచ్చి, ఒక దారమును హైదరాబాదు మీద వ్రేలితో నొక్కిపట్టి, రెండవ కొసను చికాగో మీదికి బిగించి లాగుడు. దారము అరేబియా వైపు పోనే పోదు. జారి జారి ఉత్తరమునకు పోయి, ధ్రువమునకు చేరువగా నిలుచును. బిగిసిన దారము ఎప్పుడును పొట్టి దారినే వెదకుకొనును. గోళముపై రెండు స్థలముల నడుమ నుండు అతి తక్కువ దూరపు మార్గము, గోళకేంద్రము గుండా పోవు తలము గోళమును ఖండించినప్పుడు ఏర్పడు వృత్తముమీద నుండును. దీనినే మహావృత్తమందురు. భూమధ్యరేఖ ఒక మహావృత్తము. ప్రతి రేఖాంశమును ఒక మహావృత్తములో సగము. అక్షాంశ రేఖలు మాత్రము, భూమధ్యరేఖ తప్ప, మహావృత్తములు కావు. కావుననే "ఇద్దరమును ఉత్తరార్ధగోళములో నున్నాము గదా, తూర్పు పడమరలుగా పోయిన సరిపోదా" అను తలంపు తప్పుదారి పట్టించును.

మహావృత్తముమీద దూరమును కనుగొనుటకు రెండు ఊళ్ల అక్షాంశ రేఖాంశములు చాలును. శంషాబాదు విమానాశ్రయము 17.24 డిగ్రీల ఉత్తర అక్షాంశమున, 78.43 డిగ్రీల తూర్పు రేఖాంశమున నున్నది. చికాగోలోని ఓహేర్ విమానాశ్రయము 41.98 డిగ్రీల ఉత్తర అక్షాంశమున, 87.90 డిగ్రీల పశ్చిమ రేఖాంశమున నున్నది. ఒకటి గ్రీనిచ్‌కు తూర్పున, ఒకటి పడమట ఉన్నందున రేఖాంశములను కూడవలెను: 78.43 + 87.90 = 166.33 డిగ్రీలు. ఈ సంఖ్య 180కి ఎంత దగ్గరగా నున్నదో గమనింపుడు. చికాగో ఇంచుమించు మనకు ధ్రువమునకు ఆవలి పక్కన నున్నదన్నమాట.

త్రికోణమితి లేకయే ఇచ్చట ఒక మంచి ఉజ్జాయింపు చేయవచ్చును. మనము సరిగా ఉత్తరధ్రువము మీదుగనే పోయినామనుకొందము. హైదరాబాదునుండి ధ్రువమునకు 90 – 17.24 = 72.76 డిగ్రీలు. ధ్రువమునుండి చికాగోకు 90 – 41.98 = 48.02 డిగ్రీలు. మొత్తము 120.78 డిగ్రీలు. భూమి చుట్టుకొలతలో ఒక డిగ్రీకి సగటున 111.2 కిలోమీటర్లు. గుణించినచో 13,430 కిలోమీటర్లు వచ్చును. పోవలసిన దారి ఇంతకంటె ఎక్కువ కాజాలదు. ఒక్క కూడికతో పదివేల మైళ్ల మాట వీగిపోయినది.

సరియైన లెక్కకు గోళీయ త్రికోణమితిలోని కొసైన్ సూత్రమును వాడుదుము. రెండు అక్షాంశముల సైనులను గుణింపవలెను. రెండు అక్షాంశముల కొసైనులను, రేఖాంశ భేదపు కొసైనును గుణించి దానికి కలుపవలెను. వచ్చినది దూరకోణపు కొసైను. మన ఉదాహరణలో మొదటి లబ్ధము 0.2964 × 0.6689 = 0.1983. రెండవది 0.9551 × 0.7434 × (–0.9717) = –0.6899. రెండును కలుపగా –0.4916. ఇది ఏ కోణపు కొసైనో పట్టికలో చూచినచో 119.45 డిగ్రీలని తేలును. దానిని 111.2తో గుణించగా దూరము సుమారు 13,280 కిలోమీటర్లు. ధ్రువము మీదుగా పోయిన లెక్కకును దీనికిని భేదము 150 కిలోమీటర్లు మాత్రమే. ఇదియే ఎనిమిదివేల రెండువందల యేబది మైళ్లు.

ఇచ్చట ఒక్క క్షణము ఆగి సైను అను మాటను గూర్చి చెప్పక ముందుకు పోజాలము. ఆర్యభటాదులు వింటినారి అను అర్థమున దీనిని జ్యా అనిరి, జీవా అనిరి. ఆ మాట అరబ్బుల చేతిలో జీబ అయినది. అరబ్బీ లిపిలో అచ్చులు వ్రాయని వాడుక వలన తరువాతివారు దానిని జైబ్ అని చదివిరి. జైబ్ అనగా అరబ్బీలో వస్త్రపు మడత, రొమ్ముపై చొక్కా తెరపి. లాటిను అనువాదకులు దానికి సరిపోవు మాటగా సైనస్ అని వ్రాసిరి. ఆ జైబే ఉర్దూలో జేబు, తెలుగులోను జేబు. మన రెండు భాషల పిల్లలును ప్రతిదినము చేయి పెట్టుకొను జేబులో ఈ గణితము ఇమిడియున్నదని తెలిసినప్పుడు మాకు కలిగిన సంతోషము ఇంతింత కాదు.

రెండు దూరనగరముల నడుమ కొలత అను సమస్యను పూర్వులు ఎంత శ్రమకోర్చి సాధించిరో కూడ తెలిసికొనదగినది. క్రీస్తునకు పూర్వము మూడవ శతాబ్దిలో ఎరటోస్థెనీసు ఈజిప్టులోని రెండు ఊళ్లలో మధ్యాహ్నపు నీడలను పోల్చి, వాటి నడుమ దూరము భూమి చుట్టుకొలతలో 50వ వంతని నిర్ణయించినాడు. క్రీస్తు శకము పదునొకండవ శతాబ్దిలో అల్‌బిరూనీ పంజాబులోని నందన కోట దగ్గర ఒక కొండ ఎత్తును కొలిచి, శిఖరమునుండి దిగంతము ఎంత వంగి కనబడుచున్నదో కొలిచి, ఆ రెండింటినుండి భూమి వ్యాసార్ధమును రాబట్టినాడు. 1025లో ముగించిన తహ్దీద్ అను గ్రంథములో ఆయన ఎత్తుకొన్న సమస్య అచ్చముగా మన సమస్యయే. బాగ్దాదు ఎక్కడ, గజనీ ఎక్కడ, ఒకదానినుండి ఇంకొకటి ఏ దిక్కున ఎంత దూరమున నున్నది? గజనీనుండి మక్కా దిక్కును నిర్ణయించుటకు ఆ లెక్క కావలసివచ్చినది. ఆయనకు విమానములు లేవు, తంతి లేదు. బిడారు మార్గముల దూరములు మాత్రము ఉన్నవి. ఆ బాటలు మలుపులు తిరుగును గనుక, ప్రయాణికులు చెప్పిన దూరమునుండి కొంత భాగమును తగ్గించి, తగ్గించినదానిని గోళముమీది చాపముగా మార్చి లెక్కించినాడు. బాట పొడవు వేరు, ఊళ్ల నడుమ దూరము వేరు అని ఇంత స్పష్టముగా గుర్తించిన బుద్ధికి ఎంతటి మెప్పయినను తక్కువే.

మన ప్రాంతమునకును ఈ చరిత్రలో చోటున్నది. విలియం లాంబ్టన్ 1802లో మదరాసు దగ్గర ఆరంభించిన త్రికోణమితీయ సర్వేలో ప్రధానమైన చాపము 78వ రేఖాంశమునకు చేరువగా ఉత్తరమునకు సాగినది. జార్జి ఎవరెస్టు 1818లో ఆయనకు సహాయకుడుగా చేరినది హైదరాబాదులోనే. మన అడవులలో జ్వరములకోర్చి వారు చేసిన ఆ కొలతలు భూమి యథార్థమైన ఆకారమును నిర్ణయించుటకు తోడ్పడినవి. భూమి సరియైన బంతి కాదు. ధ్రువముల దగ్గర వ్యాసార్ధము 6,357 కిలోమీటర్లు, భూమధ్యరేఖ దగ్గర 6,378. ఈ 21 కిలోమీటర్లను విస్మరించి పైన మనము చేసిన లెక్కలో దోషము నూటికి అరవంతు లోపుననే యుండును.

ఇంతకును ఆ దారము ఏ దేశములమీద పోవుచున్నది? హైదరాబాదునుండి బయలుదేరి ఉత్తరమునకు కొంచెము పడమరగా మొగ్గి, రాజస్థాన్ హర్యానాల మీదుగా పంజాబును, కాశ్మీరు పర్వతములను దాటి, ఫర్గానా లోయ మీదుగా కజకస్తాను మైదానములకు చేరును. అటుపిమ్మట రష్యాలోని యూరల్ పర్వతములు, బారెంట్స్ సముద్రము, స్వాల్‌బార్డ్ దీవులు. దీవులను దాటినపిదప, ఇంచుమించు 79వ ఉత్తర అక్షాంశముదాక ఎగబ్రాకి, అక్కడినుండి దిగుట ఆరంభించును. గ్రీన్‌లాండ్ మంచుకొండలు, బాఫిన్ దీవి, హడ్సన్ అఖాతపు తూర్పు తీరము, కెనడా అడవులు దాటి చికాగోలో దిగును. బాబరు పుట్టిన ఫర్గానా, హైదరాబాదు కుర్రవాడు చికాగోకు పోవు దారిలో నున్నదని ఎవరు తలంచియుందురు!

ఈ దారి అంతయు తప్పక పొందుపడునది కాదని వెంటనే చెప్పవలసియున్నది. గోళముమీద దారమునకు సరిహద్దులు లేవు, విమానమునకున్నవి. 2019 ఫిబ్రవరి చివరనుండి జూలై మధ్యవరకు పాకిస్తాను తన గగనతలమును మూసివేసినందున, జూలై ఆరంభము నాటికే ఎయిర్ ఇండియాకు 491 కోట్ల రూపాయల నష్టము వాటిల్లినదని పార్లమెంటులో వెల్లడి అయినది. 2022లో ఉక్రెయిన్ యుద్ధము మొదలైన పిమ్మట అమెరికా విమానములకు రష్యా గగనము మూతపడినది. 2025 ఏప్రిల్‌లో పాకిస్తాను భారతీయ విమానములకు మరల దారి మూసినది. అల్‌బిరూనీ బిడారు బాట మలుపులను తగ్గించి దూరము కనుగొన్నాడు. మనము దూరము కనుగొని, దానికి మలుపులను కలుపుకొనవలసివచ్చినది. ఇద్దరికిని మలుపులు తప్పలేదు.

ఇక కాలము. 1893 ఫిబ్రవరిలో సికింద్రాబాదు మహబూబు కళాశాలలో ఉపన్యసించిన స్వామి వివేకానంద, మే 31న బొంబాయిలో ఓడ నెక్కి, జపాను మీదుగా పసిఫిక్ దాటి, వాంకూవరులో దిగి, రైలులో చికాగో చేరునప్పటికి జూలై నెల ముగియవచ్చినది. రెండు నెలలు. 1960 మే 14న ఎయిర్ ఇండియా బోయింగ్ 707తో లండను మీదుగా న్యూయార్కు సర్వీసును ఆరంభించినది. హైదరాబాదు చికాగోల నడుమ ఎక్కడను ఆగని విమానము 2021 జనవరి 15న తొలిసారి నడచినది. వారమునకొకసారి నడచిన ఆ సర్వీసు చిరకాలము నిలువలేదు.

జెట్ విమానము నిలకడగా ఎగురు వేగము గంటకు సుమారు 900 కిలోమీటర్లు. 13,280ని 900తో భాగించినచో 14 గంటల 45 నిమిషములు. కాని విమానము నేలమీద ప్రాకవలెను, ఎక్కవలెను, దిగవలెను. అంతేగాక ఎగురునది గాలిలో. గాలియే కదలుచున్నప్పుడు లెక్క మారును. పది కిలోమీటర్ల ఎత్తున పడమటినుండి తూర్పునకు వీచు జెట్ వాయుప్రవాహమును జపాను శాస్త్రజ్ఞుడు వాసాబురో ఓయిషి కనుగొని, 1926లో ప్రకటించినాడు. ప్రపంచమంతకును తెలియవలెనని ఆయన దానిని ఎస్పెరాంటో భాషలో వ్రాసినాడు. ఎస్పెరాంటో చదువువారు అరుదగుటచే ఎవరికిని తెలియలేదు! ఏ భాషలో వ్రాయవలెనను చర్చ మన కళాశాలలో వచ్చినప్పుడెల్ల మాకీ కథ జ్ఞప్తికి వచ్చును.

గాలి సంగతిలో సామాన్యముగా జరుగు పొరపాటు ఒకటి కలదు. పోవునప్పుడు ఎదురుగాలి తీసికొన్న కాలమును వచ్చునప్పుడు వెనుకగాలి తిరిగి ఇచ్చివేయునని అనుకొందురు. గంటకు 100 కిలోమీటర్ల గాలి అనుకొని లెక్కింపుడు. పోవునప్పుడు వేగము 800, కాలము 16 గంటల 36 నిమిషములు. వచ్చునప్పుడు వేగము 1,000, కాలము 13 గంటల 17 నిమిషములు. మొత్తము 29 గంటల 53 నిమిషములు. గాలి లేనప్పుడు రెండు దారులకును 29 గంటల 31 నిమిషములే. 22 నిమిషములు గాలి మ్రింగినది. ఎదురుగాలిలో ఎక్కువసేపు ఉందుము గనుక దాని దెబ్బయే ఎక్కువ తగులును. మన మార్గము ఉత్తర దక్షిణములుగా పోవునది గనుక గాలి ప్రభావము కొంత తక్కువ. తూర్పు పడమరలుగా పోవు న్యూయార్కు లండనుల నడుమ దీనిని బాగుగా చూడవచ్చును. 2020 ఫిబ్రవరిలో తుపాను గాలి వెన్నుదట్టగా ఒక బోయింగ్ 747 న్యూయార్కునుండి లండనుకు అయిదు గంటలకు నాలుగు నిమిషములు తక్కువగనే చేరినది.

మన ఊరినుండి నేడు చాలమంది దుబాయి వంటి ఊరిలో విమానము మారి పోవుచున్నారు. "అంత చుట్టు తిరిగి పోవుట వలననే ఆలస్యము" అందురు. లెక్క వేసి చూతము. హైదరాబాదు దుబాయిల నడుమ 2,550 కిలోమీటర్లు, దుబాయి చికాగోల నడుమ 11,640. మొత్తము 14,190. చుట్టు 900 కిలోమీటర్లు, అనగా ఒక్క గంట ప్రయాణము! మిగిలిన ఆలస్యమంతయు దుబాయిలో కుర్చీమీద కూర్చున్న కాలమే. తెలివిగల ప్రయాణికుడు మార్గము పొడవును గాక, మధ్య ఊరిలో నిరీక్షణను చూచి టిక్కెట్టు కొనును. మరీ తక్కువ నిరీక్షణయు మంచిది కాదు. మొదటి విమానము ఆలస్యమైనచో రెండవది చేజారును.

పోల్చిచూచుటకు జెద్దా నగరమును తీసికొందము. మన యిండ్ల నుండి హజ్జుకును, ఉద్యోగమునకును పోవువారికి చిరపరిచితమైన ఊరు. పై సూత్రముననే దూరకోణము 37.2 డిగ్రీలు, దూరము 4,140 కిలోమీటర్లు. రెండు ఊళ్లును భూమధ్యరేఖకు అంత దూరమున లేవు, వాటి నడుమ దూరమును అంత ఎక్కువ కాదు. కావున పటముమీది గీతకును గోళముమీది దారమునకును ఇచ్చట చెప్పుకొనదగిన భేదము రాదు. దూరము పెరిగినకొలది, అక్షాంశము పెరిగినకొలది మాత్రమే మెర్కేటరు పటము మనలను మోసగించును.

గడియారముల లెక్కకు వత్తము. భూమి 24 గంటలలో 360 డిగ్రీలు తిరుగును. అనగా గంటకు 15 డిగ్రీలు. 166.33ను 15తో భాగించినచో 11 గంటల 5 నిమిషములు. సూర్యుని బట్టి చూచిన హైదరాబాదు చికాగోల భేదమింతే. గడియారముల భేదమో, చలికాలములో 11 గంటల 30 నిమిషములు. ఈ 25 నిమిషములు ఎక్కడివి? మన గడియారము హైదరాబాదు సూర్యుని అనుసరించదు, 82.5 డిగ్రీల రేఖాంశపు సూర్యుని అనుసరించును. చికాగో గడియారము 90 డిగ్రీల పశ్చిమ రేఖాంశమును అనుసరించును. 82.5 + 90 = 172.5, దానిని 15తో భాగించగా సరిగా పదకొండున్నర. ఈ ఏర్పాటు సహజమైనది కాదు, రైళ్లకొరకు మనుష్యులు చేసికొన్నది. అమెరికా రైలు కంపెనీలు తమ ప్రామాణిక కాలమును 1883 అక్టోబరులో నిర్ణయించుకొన్నది చికాగోలోనే. మన ప్రామాణిక కాలము 1906లో వచ్చినది. కలకత్తా 1948 వరకు, బొంబాయి 1955 వరకు తమ తమ గడియారములను వదలలేదు. ఇంకొక చిక్కు: అమెరికాలో మార్చి రెండవ ఆదివారమునుండి నవంబరు మొదటి ఆదివారమువరకు గడియారమును ఒక గంట ముందుకు జరుపుదురు. అప్పుడు భేదము పదిన్నర గంటలే.

ఇప్పుడు ఒక ఉదాహరణ. చలికాలములో ఆదివారము మధ్యాహ్నము 12 గంటలకు హైదరాబాదులో ఆగని విమానమెక్కి 15 గంటల 30 నిమిషములు ప్రయాణించినామనుకొందము. బయలుదేరునప్పుడు చికాగోలో ఆదివారము రాత్రి పన్నెండున్నర. దానికి పదిహేనున్నర కలుపగా అదే ఆదివారము సాయంకాలము 4 గంటలకు దిగుదుము. గడియారముల ప్రకారము నాలుగు గంటలే గడచినవి! మరల అక్కడ ఒక ఆదివారము మధ్యాహ్నము 12కు బయలుదేరి 15 గంటలు ప్రయాణించినచో, హైదరాబాదులో సోమవారము మధ్యాహ్నము రెండున్నరకు దిగుదుము. గడియారముల ప్రకారము ఇరువదియారున్నర గంటలు. టిక్కెట్టుమీద ఎప్పుడును స్థానిక కాలమే అచ్చువేయుదురు గనుక, చదువుకొన్నవారు సయితము ఇచ్చట తికమకపడుదురు. ఒక చిట్కా చెప్పెదము. పోవు వచ్చు కాలములను గడియారమును బట్టియే లెక్కించి రెంటిని కూడుడు: 4 + 26½ = 30½. కూడినప్పుడు రెండు ఊళ్ల కాలభేదము తనంతట తానే కొట్టివేయబడును. సగము చేయగా 15 గంటల 15 నిమిషములు. సగటు ప్రయాణకాలము అదియే. ఏ ఊరి గడియారము ఎంత వెనుకనున్నదో తెలియనవసరమే లేదు.

ప్రయాణములో సూర్యుని గతి మరియు విచిత్రము. భూమధ్యరేఖ దగ్గర భూమి ఉపరితలము గంటకు 1,670 కిలోమీటర్ల వేగమున తిరుగును. హైదరాబాదు దగ్గర సుమారు 1,590. పైకి పోయినకొలది అది తగ్గి, 57వ అక్షాంశము దాటిన తరువాత 900కు దిగిపోవును. అక్కడ పడమరగా పోవు జెట్ విమానము భూభ్రమణమును గెలిచి, అస్తమించిన సూర్యుని పడమట మరల ఉదయింపజేయగలదు. మన మార్గపు కొసన, 79వ అక్షాంశము దగ్గర, డిసెంబరులో పగలే యుండదు, జూనులో రాత్రియే యుండదు. ఉపవాసమున్న ప్రయాణికుడు కిటికీలోనుండి సూర్యుని చూచుచు, ఎప్పటికిని అస్తమించడేమి అని ఆశ్చర్యపడుటలో వింత లేదు.

ఈ లెక్కలన్నియు ఉబుసుపోకకు చేసినవి కావు. మన యిండ్లలో ఇవి నిజముగా అవసరపడు ఘడియ ఒకటి వచ్చును. తండ్రి కన్నుమూసినాడు, కుమారుడు చికాగోలో నున్నాడు. ముసల్మానుల యింట ఖననమును, హిందువుల యింట దహనమును ఆలస్యము చేయరాదు. "అబ్బాయి వచ్చువరకు ఆగుదమా?" అని పెద్దలు అడుగుదురు. ఒకరు "రేపు సాయంకాలమునకు వచ్చును" అందురు, ఇంకొకరు "రెండు దినములు పట్టును" అందురు. దుఃఖములో ఎవరి మాటయు నిలువదు. కాగితము తీసికొని ఇట్లు వ్రాయవలెను.

చలికాలము, శుక్రవారము తెల్లవారి 6 గంటలకు మరణము. అప్పుడు చికాగోలో గురువారము సాయంకాలము ఆరున్నర. కుమారుడు పాస్‌పోర్టు చేతబట్టుకొని పరుగెత్తి రాత్రి పదిన్నరకు దుబాయి విమానమెక్కినాడనుకొందము. దుబాయికి 13 గంటలు, అక్కడ 3 గంటలు, హైదరాబాదుకు 3 గంటల 30 నిమిషములు. మొత్తము పందొమ్మిదిన్నర. గురువారము రాత్రి పదిన్నరకు అది కలిపినచో చికాగో కాలమున శుక్రవారము సాయంకాలము 6 గంటలు. దానికి పదకొండున్నర కలుపగా హైదరాబాదులో శనివారము తెల్లవారుజామున అయిదున్నర. మరణమునకును అతడు దిగుటకును నడుమ ఇరువది నాలుగు గంటలకు అరగంట తక్కువ. ఇమిగ్రేషను ముగిసి, శంషాబాదునుండి పాతబస్తీ చేరునప్పటికి ఏడున్నర యగును. రాత్రి పదిన్నర విమానము దొరకక మరునాటి ఉదయము బయలుదేరవలసివచ్చినచో, ఆ జాగు ఎన్ని గంటలో అన్ని గంటలును దీనికి చేరును. కావున కుమారుడు విమానమెక్కినట్లు ఫోను రాకముందు శుక్రవారపు నమాజు తరువాత జనాజా అని గాని, శనివారము అని గాని ప్రకటింపక, ఫోను వచ్చినవెంటనే పై లెక్క ప్రకారము శనివారము జొహర్ తరువాత అని మసీదులో చెప్పి పంపవచ్చును.